చివరి ఇంటి కొళాయి



ఈ వారం సాయంకాలం జపమాల ముగిశాక ఇంటిల్లిపాదీ కూర్చుని ఆదికాండము 29వ అధ్యాయంలోని మొదటి పది వచనాలు చదువుకోండి. యాకోబు అన్నకు భయపడి ఇల్లు విడిచి దూరదేశం చేరుకున్నాడు. అక్కడ పొలంలో ఒక బావి ఉన్నది. బావి చుట్టూ మూడు గొర్రెల మందలు పడుకొని ఉన్నవి. బావి నోటిమీద పెద్ద బండ ఉన్నది. పొద్దు ఇంకా చాలా ఉన్నది గదా, గొర్రెలకు నీళ్లు పెట్టి మేతకు తోలుకుపోరాదా అని యాకోబు కాపరులను అడిగాడు. మందలన్నీ వచ్చి చేరేవరకు మేము బండ తీయము అని వారు జవాబు చెప్పారు. అందరూ వచ్చిన తరువాతనే బండను దొర్లించాలి. నీళ్లు తాపిన తరువాత దానిని మళ్లీ యథాస్థానంలో పెట్టాలి. అది ఆ బావి కట్టుబాటు.

ఈ కట్టుబాటు ఎందుకు వచ్చిందో దివ్యగ్రంథం విడమరచి చెప్పలేదు. పల్లెలో పుట్టి పెరిగిన మనకు మాత్రం అది ఊహించుకోవటం కష్టం కాదు. నీళ్లు తక్కువగా ఉన్నచోట ముందు వచ్చినవాడు తోడుకుంటూ పోతే వెనుక వచ్చినవాడికి అడుగున బురద మిగులుతుంది. ఆఖరి మంద వచ్చేదాకా మొదటి మంద ఆగాలి. ఆ ఒక్క నియమం వలన ఆ పొలంలో కాపరులందరూ బ్రతికారు.

ఒక ఊరికి కొళాయి నీళ్లు తెచ్చుకోవటం ఎట్లా అన్నది ఈ వారం మన పాఠం. ట్యాంకు, మోటారు, పైపుల సంగతి చెప్పుకుందాము. వాటికంటే ముందు ఈ బండ సంగతి మనసులో పెట్టుకుందాము.

పడమటి పల్లెల నీళ్లు

హొళగుంద, హాలహర్వి, ఆలూరు, కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలవారికి నీటి కరువు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. మన పెద్దలు 1876లో మొదలైన ధాత కరువును తరతరాలుగా కథలుగా చెప్పుకున్నారు. ఆనాడు ఆదోని ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మనవైపు వచ్చింది. అదే ఏడాది హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట పూర్తయింది. అక్కడినుంచి బయలుదేరిన దిగువ కాలువ బళ్లారి నేలల మీదుగా వచ్చి మన పడమటి మండలాలలో ప్రవేశిస్తుంది. ఎల్లెల్సీ అని మనం పిలుచుకునే ఆ కాలువ పంట పొలాలను తడపటమే గాక ఎన్నో ఊళ్ల గొంతులను కూడా తడుపుతున్నది.

అయితే కాలువ ఏడాది పొడుగునా పారదు. నీళ్లు వచ్చే నెలల్లో నింపిపెట్టుకుంటే తప్ప ఎండాకాలం గడవదు. అందుకోసం వేసవి నిల్వ చెరువులు తవ్వారు. ఎస్.ఎస్. ట్యాంకులని మనం చెప్పుకునేవి ఇవే. ఆదోని పట్టణం సైతం బసాపురం దగ్గరి నిల్వ చెరువు మీదనే ఆధారపడి ఉన్నది. ఆనకట్టలో కూడా పూడిక చేరింది. కట్టిన కొత్తలో 133 టీఎంసీలు పట్టిన జలాశయం ఇప్పుడు సుమారు 105 టీఎంసీలే పడుతున్నది. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, తాత్కాలికంగా దాన్ని మూసే వరకు ఈ ప్రాంతమంతా ఊపిరి బిగబట్టుకొని చూసింది. ఎక్కడో హోస్పేటలో ఒక గొలుసు తెగితే ఇక్కడ మన ఇంట్లో బిందె ఖాళీ అవుతుందని ఆ వారం అందరికీ తెలిసివచ్చింది.

నీళ్ల కష్టం ఇంట్లో ఎవరి నెత్తిన పడుతున్నది? తల్లి నెత్తిన, ఆ తరువాత ఆడబిడ్డ నెత్తిన. మనిషికి రోజుకు 55 లీటర్లు ఇంటి దగ్గరనే అందాలని ప్రభుత్వం ఇప్పుడు లెక్క కట్టింది. ఐదుగురున్న ఇంటికి అది 275 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెతో మోయాలంటే పద్దెనిమిది సార్లు పైగా తిరగాలి. ఏ తల్లీ అన్నిసార్లు మోయలేదు కనుక ఇల్లు తక్కువ నీళ్లతో సరిపెట్టుకుంటుంది. స్నానం తగ్గుతుంది, చేతులు కడుక్కోవటం తగ్గుతుంది, పిల్లలకు విరేచనాలు పెరుగుతాయి. సుగ్గికని గుంటూరు వైపు మిరప, పత్తి పనులకు వలసపోయే కుటుంబాలలో పిల్లల చదువు ఇప్పటికే సగం చెడింది. ఊళ్లో ఉన్న ఆ కాసిని నెలలైనా ఆడపిల్ల బిందెతో గాక పలకతో ఉండాలని మనం కోరుకోవద్దా?

కాలువ చివర, పైపు చివర

కాలువ చివరి ఆయకట్టు బాధ మన రైతులకు బాగా తెలుసు. పైన ఉన్నవారు మోటార్లు పెట్టి తోడుకుంటే కింద ఉన్నవారికి కాగితాల మీద వాటా మిగులుతుంది, కాలువలో నీళ్లు మిగలవు. మన వాటా మనకు రావటం లేదని ధర్నాలు చేశాము, అర్జీలు పెట్టాము. అది న్యాయమే.

మరి మన ఊరి పైపులైను దగ్గర ఏమి జరుగుతున్నది? అక్కడ మనమే పైవారము. ట్యాంకుకు దగ్గర ఇళ్లలో కొళాయికి మోటారు బిగించి మిద్దె మీది తొట్టి నింపుకుంటారు. మూతలేని కొళాయినుంచి నీళ్లు వాకిట్లోకి పారుతూ ఉంటాయి. ఊరి చివర, వంక అవతల, మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో ఉన్న కొళాయి దగ్గర బిందెలు వరుసగా ఎండలో కాలుతూ ఉంటాయి. బొట్టు బొట్టుగా పడే నీళ్ల దగ్గర ఇద్దరు అక్కచెల్లెళ్లు జుట్లు పట్టుకుంటారు. వారిని చూసి మిగిలిన ఊరు నవ్వుతుంది. ఆ తగాదాకు మూలం ట్యాంకు దగ్గర ఉన్నదని ఎవరూ అనరు.

పైపు చివరికి నీళ్లు తగ్గటానికి పైపు పనితనం కూడా కొంత కారణమే. ట్యాంకు ఎత్తు వలన నీటికి తోపుడు వస్తుంది. పది మీటర్ల ఎత్తులో నీళ్లుంటే అడుగున చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి ఉంటుంది. పైపులో రాపిడి వలన, మధ్యలో తెరిచిన ప్రతి కొళాయి వలన ఆ ఒత్తిడి తరుగుతూ పోతుంది. సన్నని పైపు వేసి, దానినే పొడిగించుకుంటూ పోతే చివరి ఇంటికి గాలి మిగులుతుంది. ఊళ్లో ఎవరి ఇల్లు చివర ఉండాలన్నది మాత్రం పైపు నిర్ణయించలేదు. దానిని ఎన్నో తరాల కిందట కులం నిర్ణయించింది.

నీటి దగ్గర కులం చేసిన గాయాలు మన దేశంలో చాలా ఉన్నవి. 1927 మార్చి 20న డాక్టర్ అంబేద్కర్ మహద్ పట్టణ చెరువులో దోసిట నీళ్లు పట్టి తాగటం ఒక ఉద్యమమైంది. మన రాష్ట్రంలో 1985 జూలైలో కారంచేడులో మంచినీటి చెరువును మురికి చేయవద్దని అడిగిన దగ్గర మొదలైన తగాదా ఆరుగురు దళితుల ప్రాణాలు తీసేదాకా పోయింది. వేరే బావి, వేరే గ్లాసు అనుభవించిన పూర్వికుల బిడ్డలము మనలో చాలామందిమి. కనుక ఊరికి నీళ్లు వచ్చాయి అని ఎవరైనా అంటే మనం అడగవలసిన మొదటి ప్రశ్న ఒకటే: చివరి ఇంటికి వచ్చాయా?

శ్రీసభ బోధ

యోహాను సువార్త 4వ అధ్యాయంలో మిట్టమధ్యాహ్నం బావి దగ్గర కూర్చున్న ప్రభువు సమరీయ స్త్రీని నీళ్లు అడుగుతాడు. యూదులు సమరీయుల పాత్రలు ముట్టరు. ప్రభువు ఆమెకు దానం చేయటంతో మొదలుపెట్టలేదు. ఆమె చేతి నీళ్లు తాగటానికి సిద్ధపడి మొదలుపెట్టాడు. అంటరాని పాత్ర అన్నది అక్కడితో అంతమైపోయింది.

సురక్షితమైన తాగునీరు ప్రతి మనిషికి పుట్టుకతో వచ్చిన హక్కు అని ఫ్రాన్సిస్ జగద్గురువులు 2015లో వెలువరించిన 'లౌదాతో సి' విశ్వలేఖ 30వ పేరాలో స్పష్టం చేశారు. నీరు లేకుండా చేయటమంటే బ్రతికే హక్కును కాదనటమేనని ఆయన భావం. అంతకు ముందు 2009లో బెనెడిక్టు జగద్గురువులు కూడా తమ విశ్వలేఖలో అన్నం, నీరు అందరి హక్కులని చెప్పారు. 2010 జూలై 28న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా దీనిని మానవ హక్కుగా గుర్తించింది. పాస్క జాగరణ రాత్రి గురువులు నీటిని ఆశీర్వదిస్తారు. ఆ నీటితో ధనికుని బిడ్డకూ పేదవాని బిడ్డకూ ఒకే జ్ఞానస్నానం ఇస్తారు. గుడిలో ఒకే నీరు పొందిన బిడ్డలు వీధిలో రెండు రకాల నీళ్లు తాగటం మన విశ్వాసానికి పొసగదు.

అందరూ రావాలి, లేకుంటే పనే లేదు

ఇప్పుడు బండను అందరూ కలిసి దొర్లించిన ఊళ్ల దగ్గరకు వద్దాము. మొదటిది ఒడిశాలోని గంజాం జిల్లా. మన తెలుగువారు ఎందరో ఉన్న బరంపురం ప్రాంతమది. 1971లో తుఫాను బాధితుల సేవకోసం మద్రాసునుంచి వెళ్లిన విద్యార్థులలో ఒకరైన జో మడియత్ అక్కడే ఉండిపోయి, 1979లో గ్రామ వికాస్ అనే సంస్థను నెలకొల్పారు. 1992లో ఆ సంస్థ కొళాయి నీళ్లు, మరుగుదొడ్ల పని మొదలుపెట్టినప్పుడు ఒక కఠినమైన షరతు పెట్టింది. ఊళ్లో ప్రతి కుటుంబమూ చేరాలి. ఒక్క ఇల్లు మిగిలినా పని మొదలు కాదు. నీళ్లు ఇస్తే ప్రతి ఇంటికీ ఒకే విధంగా ఇవ్వాలి: మరుగుదొడ్డికి ఒక కొళాయి, స్నానాల గదికి ఒకటి, వంటకు ఒకటి.

ఈ షరతులోని తెలివి చూడండి. మామూలుగా పేదవాడు పెద్దల ఇళ్లకు పోయి మాకూ నీళ్లు ఇప్పించండి అని బ్రతిమాలుకుంటాడు. ఇక్కడ ఊరి చివరి పేద కుటుంబం ఒప్పుకోకపోతే పెద్ద ఇంటికి కూడా నీళ్లు రావు. కనుక పెద్దలే నడిచి చివరి ఇంటికి పోవలసి వస్తుంది. ఒప్పించటానికి కొన్ని ఊళ్లలో నెలలు, ఏళ్లు పట్టేది. ఆ ఆలస్యాన్ని వారు నష్టమనుకోలేదు. అదే అసలు పని అనుకున్నారు. ఆరోగ్యం దృష్ట్యా కూడా ఇది సబబే. నాలుగు ఇళ్లు ఆరుబయటికి పోతూ ఉంటే ఆ మురికి మిగిలిన వందిళ్ల నీళ్లలోకి చేరుతుంది.

రెండవ నియమం నిధి. ఇంటికి సగటున వెయ్యి రూపాయల చొప్పున ఊరు మూలధనం పోగుచేసుకోవాలి. ఉన్నవారు ఎక్కువ, లేనివారు తక్కువ ఇవ్వవచ్చు. ఆ డబ్బు ఖర్చు పెట్టరు, బ్యాంకులో వేస్తారు. దానిమీద వచ్చే వడ్డీతో రేపు ఊళ్లో కొత్తగా కాపురం పెట్టే కుటుంబానికి కొళాయి వేస్తారు. ఇంకా పెళ్లి కాని పిల్లల ఇంటిని కూడా లెక్కలో వేసుకున్న ఏర్పాటు అది.

గంగదేవిపల్లి

రెండవ ఊరు మన తెలుగునాట, వరంగల్ దగ్గర గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి. బాల థెరిసా, ఆమె భర్త కెనడా దేశస్థుడు ఆండ్రే జింగ్రా కలిసి 1991లో వరంగల్‌లో బాలవికాస సంస్థను స్థాపించారు. 1990వ దశకంలో ఆ సంస్థ తోడ్పాటుతో గంగదేవిపల్లివారు ట్యాంకు కట్టుకొని ఇంటింటికీ కొళాయిలు వేసుకున్నారు. సహాయం బయటినుంచి వచ్చినా ఊరు తన వాటా డబ్బు తాను వేసుకున్నది, ఒళ్లు వంచి శ్రమదానం చేసింది. నీటి కమిటీ పెట్టుకున్నది. నెల నెలా రుసుము వసూలు చేసుకొని తమ ట్యాంకును తామే నడుపుకున్నారు. తరువాత శుద్ధినీటి కేంద్రం కూడా పెట్టుకున్నారు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క కమిటీ ఉన్న ఊరుగా అది పేరు తెచ్చుకున్నది. దాన్ని చూసి నేర్చుకోవటానికి ఎక్కడెక్కడినుంచో జనం వస్తున్నారు.

ఇది మన సీమకు కొత్త సంగతి కాదు. పూర్వం చెరువులు, బావులు బాగుచేసే బాధ్యత పెట్టుకున్నవారికి దశబంధం ఇనాములు ఉండేవి. పొలాలకు వంతు తప్పకుండా నీళ్లు కట్టటానికి నీరుగంటి ఉండేవాడు. నీరుగంటిని ఊరు పోషించేది. అతడు ఒకరి మనిషి కాదు, ఊరి మనిషి. ట్యాంకు నీళ్లకు ఆ నీరుగంటిని తిరిగి తెచ్చుకోవటమే నీటి కమిటీ అంటే.

మన ఊళ్లో పని మొదలుపెట్టేదెలా?

ప్రియ పాఠకులారా, పనికివచ్చే సంగతులు కొన్ని వరుసగా చెప్పుకుందాము.

ఒకటి, చట్టం మనవైపు ఉన్నది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ తాగునీటిని పంచాయతీ విషయాలలో చేర్చింది. 2002లో వచ్చిన స్వజలధార పథకం ఊరివాటా పది శాతం అడిగింది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల జీవన్ మిషన్ ఇంటింటికీ కొళాయి లక్ష్యంగా పెట్టుకున్నది. 2024 నాటికి పూర్తి కావలసిన దాన్ని 2028 వరకు పొడిగిస్తున్నట్లు 2025 బడ్జెటులో ప్రకటించారు. ఊరి లోపలి పనుల ఖర్చులో పది శాతం ఊరు వేసుకోవాలి. దళితులు, గిరిజనులు సగానికి మించి ఉన్న ఊళ్లలో ఐదు శాతం చాలు. అది డబ్బుగానే గాక వస్తువుగా, కాయకష్టంగా కూడా ఇవ్వవచ్చు. నీటి కమిటీలో సగంమంది స్త్రీలు ఉండాలని, పావు వంతు బలహీన వర్గాలవారు ఉండాలని నియమం ఉన్నది. ఈ నియమం మీ ఊళ్లో కాగితం మీద ఉన్నదా, కుర్చీలలో ఉన్నదా అని చూడండి.

రెండు, నీటి పుట్టుక. బోరు నీళ్లైతే ముందు పరీక్ష చేయించాలి. ఫ్లోరైడు రుచికి తెలియదు, కంటికి కనపడదు, కాచినా పోదు. మన దేశంలో దాని వలన వచ్చే ఎముకల జబ్బును మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోనే గుర్తించారు. లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదు. వేరే దిక్కు లేనప్పుడు ఒకటిన్నర వరకు సహించవచ్చునని ప్రమాణం. కాలువ నీళ్లైతే ఇసుక వడపోత తప్పదు. నెమ్మదిగా వడగట్టే ఇసుక తొట్టిలో పైపొరలో పెరిగే సూక్ష్మజీవులే నీటిని శుద్ధి చేస్తాయి. ఇసుక మూసుకుపోయినప్పుడు పై ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే గీకాలి. గీకిన తరువాత కొన్ని రోజులు ఆ తొట్టి నీరు అంత శుభ్రంగా ఉండదని నీళ్లు వదిలే మనిషికి తెలియాలి.

మూడు, లెక్క. 300 ఇళ్లు, 1,500 మంది జనం ఉన్న ఊరికి మనిషికి 55 లీటర్ల చొప్పున రోజుకు 82,500 లీటర్లు కావాలి. 40,000 లీటర్ల ట్యాంకును రోజుకు రెండుసార్లు నింపితే దాదాపు సరిపోతుంది. పశువుల తొట్టికి వేరుగా చూసుకోవాలి.

నాలుగు, పైపులు. మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఆ కదలికకు పైపు అతుకులు వదులవుతాయి. కనుక పైపు కింద, చుట్టూ ఇసుక పోసి పూడ్చాలి. వీధి వీధికి వాల్వు పెట్టాలి. చివరి వీధికి మొదటి వంతు ఇవ్వాలి. ఈ ఒక్క మార్పుకు పెద్ద ఖర్చు లేదు, మనసు ఉంటే చాలు. కొళాయికి మోటారు బిగించటాన్ని ఊరంతా కలిసి మాన్పించాలి. అది పొరుగువాని నీళ్లు లాగటమే గాక, పైపులో పీల్పు పుట్టించి, పగిలిన అతుకుల దగ్గర మురుగును లోపలికి లాగుతుంది. ఆ మురుగు మోటారు పెట్టినవాని పిల్లలు కూడా తాగుతారు.

ఐదు, బ్లీచింగు. వడగట్టిన నీరు వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పొడి కావాలి. 40,000 లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. పొడిని బక్కెటలో కలిపి, తేరిన నీరు మాత్రమే ట్యాంకులో పోసి, అరగంట ఆగి వదలాలి. మూత తెరిచి పెట్టిన పొడికి సత్తువ పోతుంది. సరిపోయిందా లేదా అన్నది ట్యాంకు దగ్గర తెలియదు. చివరి ఇంటి కొళాయి దగ్గర నీళ్లు పట్టి పరీక్ష చేయాలి. అక్కడ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలి ఉంటే ఊరంతటికీ నీరు క్షేమమని అర్థం. ఇంజనీర్లు కూడా ఊరి ఆరోగ్యాన్ని చివరి ఇంటి దగ్గరనే కొలుస్తారన్నమాట. ఊరికి ఐదుగురు స్త్రీలకు ఈ పరీక్షలు నేర్పాలని జల జీవన్ మిషన్ చెబుతున్నది. ఆ ఐదుగురిలో ఒకరైనా చివరి వీధి తల్లి కావాలి.

ఆరు, నెలసరి లెక్క. 300 ఇళ్లు నెలకు 50 రూపాయలు ఇస్తే 15,000 రూపాయలు అవుతుంది. నీళ్లు వదిలే మనిషి జీతం, బ్లీచింగు, వాల్వులు, మోటారు మరమ్మతు అందులోనుంచి రావాలి. జమా ఖర్చులు ప్రతి నెల రచ్చబండ దగ్గర అందరి ముందు చదవాలి. చదవని లెక్క మంచివాని మీద కూడా అనుమానం తెస్తుంది. అనుమానం వచ్చిన నెలనుంచి వసూళ్లు ఆగుతాయి, వసూళ్లు ఆగిన ఏడాదిలో మోటారు ఆగుతుంది. సుగ్గికి పోయిన కుటుంబాల దగ్గర ఆ నెలల రుసుము ఏమి చేయాలో ముందే తీర్మానం చేసుకోవాలి. వారు తిరిగి వచ్చేసరికి కొళాయి తీసేసి ఉండరాదు. వారు లేని రోజుల్లో వారి వాటా గురించి తీర్మానాలు చేయరాదు.

విచారణ చేయదగినది, చేయరానిది

మన గురువులు, మఠకన్యలు, ఉపదేశులు ఎన్నో పల్లెల్లో బోర్లు వేయించారు. దేవుడు వారిని దీవించుగాక. అయితే యాకోబు కథలోని మిగిలిన భాగం ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి. రాహేలు తన మందతో రాగానే యాకోబు ఒక్కడే ఆ బండను తొలగించి ఆమె గొర్రెలకు నీళ్లు పెట్టాడు. ప్రేమగలవాడు, బలవంతుడు ఒకరోజు ఒక్కడే బండ తీయగలడు. కాని యాకోబు ఎప్పటికీ ఆ బావి దగ్గరే కూర్చొని ఉండడు గదా! అతడు లేని రోజున ఆ కాపరులు ఒకరికొకరు కావలసిందే. బయటి దాత ఎంత మంచివాడైనా యాకోబు వంటివాడు. ఆయన పోయిన తరువాత వాచరు అరిగితే మార్చేదెవరు? పాడైన చేతిపంపులు ప్రతి ఊళ్లో ఈ ప్రశ్ననే అడుగుతున్నవి.

కనుక విచారణ ఊరికి బదులుగా పని చేయరాదు, ఊరిని ఒకచోట కూర్చోబెట్టాలి. ఇది మన క్రైస్తవుల కొళాయి అనిపించుకోరాదు. రాముని గుడి వీధివారు, మసీదు వీధివారు, మన గుడివారు ఒకే చాపమీద కూర్చున్నప్పుడే అది ఊరి నీరు అవుతుంది. విన్సెంట్ దె పాల్ సభవారు రుసుము కట్టలేని ముసలి దంపతుల వాటా గుట్టుగా కట్టవచ్చు. మరియదళం సోదరీమణులు ఇంటింటికీ పోయినప్పుడు చివరి కొళాయి తిప్పి చూడవచ్చు. యువజన సంఘం పైపు గుంతలు తవ్వవచ్చు. సంఖ్యాకాండము 21వ అధ్యాయంలో ఎడారిలో బావి తవ్వినప్పుడు ప్రజానాయకులే తమ దండములతో తవ్వారని ఉన్నది. సర్పంచి, విచారణ పెద్దలు తాము కూడా గడ్డపార పట్టిన రోజున కూలి అడిగేవారు తగ్గుతారు.

మనలో ట్యాంకు పక్కన ఇల్లున్నవారు కూడా ఉన్నారు. వారికి ఈ పాఠం కొంచెం చేదు. తపస్సుకాలంలో మాంసం మానుకోవటం తేలిక, పొరుగువానికోసం కొళాయి కట్టేయటం కష్టం. దేవునికి రెండవదే ఎక్కువ ఇష్టమని చెప్పటానికి వేదపండితులు అక్కరలేదు.

ఇంట్లో, సంఘంలో ఆలోచించుకుందాము

1. మన ఊరి పైపులైనులో చివరి ఇల్లు ఎవరిది? ఆ ఇంటి తల్లి నిన్న ఎన్ని బిందెలు పట్టుకున్నది? ఈ వారం ఒకరు పోయి అడిగి రండి.

2. మన ఇంట్లో నీళ్లు మోసేది ఎవరు? అబ్బాయిలు, నాన్నలు బిందె పట్టుకున్న రోజులెన్ని?

3. ఊరి నీటి కమిటీలో స్త్రీల పేర్లున్నవా? వారు మాట్లాడతారా, సంతకమే పెడతారా?

4. బండ తీయటానికి మనం ఎవరి మందకోసం ఆగటం లేదు?

ఒక కుటుంబం ఒక నిర్ణయం తీసుకుంటే చాలు. మూతలేని కొళాయికి మూత బిగించండి. మోటారు ఉంటే విప్పివేయండి. రుసుము బాకీ ఉంటే కట్టండి. వచ్చే గ్రామసభలో లేచి, చివరి వీధికి మొదటి వంతు ఇవ్వాలని అడగండి. ఎవరూ బలపరచకపోతే మరుసటి సభలో మళ్లీ అడగండి.

ప్రార్థన

బావి దగ్గర అలసి కూర్చున్న ప్రభువా, నీవు దాహమని అడిగినప్పుడు నీళ్లు ఇచ్చే చేతులు మాకు దయచేయుము. మా ఊళ్లో ఆఖరి ఇంటి వాకిట్లో నీవు బిందె పట్టుకొని నిలిచి ఉన్నావని మేము గుర్తించునట్లు చేయుము. అందరము కూడేవరకు ఆగే ఓపికను, అందరము కూడిన తరువాత బండను దొర్లించే బలాన్ని మాకు అనుగ్రహింపుము. ఆమెన్.